ముప్పై ఒకటో నంబరు కన్నీళ్లు

గోదావరిఖని
14 సెప్టెంబరు 2024

చెల్లె క్రిస్టినాకు అన్న జాన్ ప్రసాద్ రాసేది.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటి అనుకుంటావు. రెండు గదుల క్వార్టర్‌లో ఫోన్ మాట్లాడితే బాపు వింటాడు, మీ వదినె వింటుంది, నీ మేనకోడలు దీప వింటుంది. గోడ అవతల మొగిలి కూడా వింటాడు. పైగా ఫోన్ వెలుతురు చూస్తే కళ్లు మండుతున్నాయి. నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు నెలకో ఉత్తరం రాయకపోతే బాపు ఊరుకునేవాడు కాదు. ఆ అలవాటు మనిద్దరికీ పోలేదనే ధైర్యంతో రాస్తున్నాను.

ఆగస్టులో మా క్వార్టర్ల లైన్‌లో ఇంటింటికీ చికెన్‌గున్యా వచ్చింది. నాకూ వచ్చింది. ఐదు రోజులు జ్వరం, కీళ్లనొప్పులు. తగ్గాక డ్యూటీకి వెళ్లాను. మూడు వారాలు గడిచాయి. పోయిన మంగళవారం మొదటి షిఫ్టులో ఒకటి జరిగింది.

నేను గనిలో సర్దార్‌ని కదా. నా దగ్గర పనిచేసే పద్నాలుగు మందికి పైకప్పు చూసి, ఫర్వాలేదు, లోపలికి రండి అని చెప్పాల్సింది నేనే. ఆ రోజు టోపీ లైటు వెలుగులో చూస్తే కప్పు కింద నిలబెట్టిన ఇనుప స్తంభాలు వరసగా మధ్యలో వంగిపోతున్నాయి. “కప్పు దిగుతున్నది, బయటికి ఉరుకుండ్రి!” అని అరిచాను. అందరూ పనిముట్లు పారేసి పరుగెత్తారు. మొగిలి పడి మోకాలు చెక్కుకుపోయింది.

పై అధికారి వచ్చి స్తంభాలను ఒక్కొక్కటే చేత్తో తడిమాడు. “ఏడ వంగినయే జానన్నా? నిటారుగ నిలబడ్డయి గదా” అన్నాడు. నేను కుడి కన్ను మూసి చూశాను. నిటారుగానే ఉన్నాయి. ఎడమ కన్ను మూసి చూశాను. వంగాయి.

ఇప్పుడు పేపర్ చదివితే అక్షరాల వరస మధ్యలో గుంతలోకి దిగుతుంది. బాపు ముఖం చూస్తే ముక్కు ఉండాల్సిన చోట మసక. నిన్నటి నుంచి ఎడమ కంట్లో కూడా పొగ కమ్మినట్టుంది. దవాఖానలో డాక్టర్ రెటీనా అన్నాడు, హైదరాబాద్ వెళ్లమన్నాడు. నువ్వు ఐదేళ్లుగా చదివేది దాని గురించే కదా. జ్వరం పోయాక కన్నెందుకు పోతుంది? నాకు నిజం రాయి. ఇంట్లో వాళ్లకు ఏం చెప్పాలో నేను చూసుకుంటాను.

నీ అన్న
జాన్ ప్రసాద్


హైదరాబాద్
19 సెప్టెంబరు 2024

అన్నా,

ఇప్పుడే వదినెకు ఫోన్ చేసి నిన్ను రేపటి రైలుకే ఎక్కించమన్నాను. ఈ ఉత్తరం నువ్వు బయల్దేరాక గానీ ఇంటికి చేరదు. అయినా నువ్వు ఇంటికి తిరిగి వెళ్లాక తీరిగ్గా చదువుకోవడానికి రాస్తున్నాను. ఆసుపత్రిలో డాక్టర్లు ఇంత వివరంగా చెప్పరు.

వైరస్ నీ ఒంట్లోంచి పోయింది. కానీ దానితో పోరాడిన కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి, ఇక్కడ ప్రమాదం ఉంది, రండి, ఇంకా రండి అని. ఆ కబుర్లు చిన్న చిన్న ప్రొటీన్లు. వైరస్ పోయాక అవి ఆగిపోవాలి. కొందరిలో ఆగవు. వచ్చిన కణాలకు శత్రువు దొరకదు, ఉన్నచోటునే పాడుచేస్తాయి. కంటి వెనక తెరలాగా ఉండే రెటీనాలో నీరు చేరి వాస్తుంది. తెర ముడతపడితే దాని మీద పడే బొమ్మ కూడా వంకరపోతుంది. స్తంభాలు వంగలేదన్నా, నీ తెర వంగింది.

ఎవరిలో ఆగుతుంది, ఎవరిలో ఆగదు, ఎందుకు? నా ఐదేళ్ల పని ఈ ఒక్క ప్రశ్నే.

నీకు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. అవి ఆ కబుర్లను అణుస్తాయి. మోతాదు మెల్లగా తగ్గిస్తూ మూడు నెలలు వేసుకోవాలి. సొంతంగా ఒక్కరోజు కూడా ఆపకూడదు. వాపు ఎక్కువకాలం ఉంటే అక్కడ మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన చోట చూపు తిరిగి రాదు. ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువు.

మా పరిశోధనలో చేరతావా అని డాక్టర్ అడగవచ్చు. కన్నీళ్లను కాగితపు పట్టీ మీద తీసి, అందులో ఆ ప్రొటీన్లు ఎంత ఉన్నాయో కొలుస్తాం. చేరడం, చేరకపోవడం నీ ఇష్టం, నన్ను అడగొద్దు. చేరితే నీ నంబరు మాత్రం నాకు చెప్పకు. నా దగ్గరికి వచ్చే సీసాల మీద పేర్లుండవు. ఎవరివో తెలియకుండానే నేను కొలవాలి.

నీ క్రిస్టినా


గోదావరిఖని
13 అక్టోబరు 2024

చెల్లెకు,

హైదరాబాద్‌లో నువ్వు నాతో గంట కూడా కూర్చోలేకపోయావని బాధపడకు. తెల్లకోటులో నిన్ను చూశాను, అది చాలు. బాపుకు చెబితే, “కోటు మీద పేరు రాసున్నదా?” అని అడిగాడు. ఉందన్నాను. ముప్పై మూడేళ్లు బొగ్గు ఎత్తి తట్టలు మోసిన మనిషి, సాయంత్రం దాకా ఆ మాటే చెప్పుకున్నాడు.

నీ పరిశోధనలో చేరాను. నర్సు కింది రెప్పలో కాగితం పట్టీ దోపి ఐదు నిమిషాలు కూర్చోమంది. “ఏడ్వాల్నా మేడం?” అని అడిగాను. ఏడవనక్కర్లేదట, వాటంతట అవే వస్తాయట. 31 అని రాసిన కార్డు ఇచ్చి, మాత్రలు మింగిన ప్రతిరోజూ అందులో టిక్కు పెట్టి నెలనెలా తెమ్మంది. ప్రతిసారీ హైదరాబాద్ రానవసరం లేదు. కరీంనగర్‌లో మీ వాళ్ల శాఖలో స్కాన్ తీసి, పట్టీలు ఐసు డబ్బాలో మీకు పంపుతారు.

సిక్ లీవులో ఉన్నాను. ఇంట్లో ఊరికే కూర్చోవడం కష్టంగా ఉంది. వెలుతురు పడదని కిటికీకి దుప్పటి కట్టారు. పగలూ చీకటే. గనిలో చీకటికి ఒక షిఫ్టు ఉంటుంది, అయిపోగానే పైకి వస్తాం. దీనికి షిఫ్టు లేదు.

దీప ఇంకో పరీక్ష రాసింది. బీకాం అయి రెండేళ్లయినా ఇంకా ఆ పుస్తకాలే. మార్చిలో నన్ను మెడికల్ బోర్డు పిలుస్తుంది. సర్వీసు మిగిలి ఉండగా బోర్డు పూర్తిగా అన్‌ఫిట్ అంటే పిల్లల్లో ఒకరికి కంపెనీలో ఉద్యోగం వస్తుందని నీకు తెలుసు. మొగిలి నిన్న మంచం మీద కూర్చుని నవ్వుకుంటూ అన్నాడు: “జల్ది బాగై ఏం జేస్తవే జానన్నా? బోర్డు అయిందాక ఆగు. బిడ్డకు నౌకరొస్తది. నీ కన్ను ఆనక బాగుజేసుకో.” తిట్టి పంపాను.

మీ వదినె వంటింట్లో ఉంది. విన్నదో లేదో తెలియదు.

జాన్ ప్రసాద్


హైదరాబాద్
22 అక్టోబరు 2024

అన్నా,

చెప్పొద్దన్నది ఒక్కటే. అదే చెప్పావు!

కోపం లేదులే. చదవగానే ఆ ముక్క కొట్టేసి, ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టాను. మరిచిపోదామని చూస్తున్నాను. ఇవాళ ఫ్రీజర్ తెరిస్తే చెయ్యి దానంతట అదే ఆ వరసలో ఆగింది. మా గైడు జగదీశ్వర్ సార్‌కు చెప్పాలి, ఫలానా నంబరు మా అన్నది, వాటిని ఇంకొకరితో కొలిపించండి అని. రేపు చెబుతాను.

నువ్వు చీకటి గది అన్నావు. నాది కిటికీ లేని గది. సీసాలు, ఫ్రీజర్ల మోత, తెల్లలైటు. వాన పడిందో లేదో సాయంత్రం బయటికొస్తే గానీ తెలియదు. మార్చిలో ఫెలోషిప్ అయిపోతుంది. ఐదేళ్లలో నేను కనుక్కున్నది అందరికీ తెలిసిందే: మాత్రలు వేస్తే ప్రొటీన్లు తగ్గుతాయి, వాపు తగ్గుతుంది. దాన్ని ఎవరూ అచ్చు వేసుకోరు. నాతో చేరినవాళ్లు వెళ్లిపోయారు. “నీ దగ్గర కొత్త మాట ఒక్కటి ఉండాలమ్మా” అంటారు సార్. లేదు.

మొగిలన్నను తిట్టి పంపావు కదా. మళ్లీ వస్తే మళ్లీ తిట్టు.

క్రిస్టినా


గోదావరిఖని
17 నవంబరు 2024

ప్రియమైన చెల్లెలికి,

అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి కాబట్టి ఈ ఉత్తరం దీపతో రాయిస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాము. బాపు ఆరోగ్యం బాగుంది. డాక్టర్ చెప్పినట్టే మాత్రలు వేసుకుంటున్నాను. కరీంనగర్ రెండుసార్లు వెళ్లి వచ్చాను. చూపు ముందులాగానే ఉంది. పెద్దగా తేడా లేదు. నువ్వు ఫికర్ పెట్టుకోకు. వేళకు తిను.

ఇట్లు
నీ అన్న

అత్తా, ఇది దీప. మా బాపు చెప్పింది పైన రాశాను, ఇది బాపుకు చదివి వినిపించను. ఆయన ఏమీ బాగాలేడు. స్కాన్‌లో వాపు తగ్గలేదన్నారు. పొద్దున్నే నేనే గోలీలు చేతిలో పెట్టి నీళ్లిస్తున్నాను, ఒక్కరోజు తప్పలేదు. అయినా ఎందుకు తగ్గడం లేదు? నాతో మాట్లాడటం తగ్గించాడు. గోలీ నోట్లో వేసుకుని బయట నల్లా దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కుంటాడు, చాలాసేపు రాడు. అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో నిలబడి రెండు ప్రార్థనలు అడుగుతుంది. బాపుకు చూపు, నాకు ఉద్యోగం. నాకు సిగ్గుగా ఉంటుంది. నువ్వే ఏదైనా చెయ్యత్తా.


హైదరాబాద్
8 డిసెంబరు 2024

అన్నా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. సంతోషపడితే పాపం, పడకపోతే అబద్ధం.

మూడు నెలల సీసాలన్నీ కొలవడం పూర్తయింది. ముప్పై ఆరు మందిలో ముప్పై ఐదు మందికి మాత్రలతో ప్రొటీన్లు పడిపోయాయి. ఒక్కరికి పడలేదు. మొదటి నెల కొంచెం దిగి, మళ్లీ లేచి, అక్కడే నిలబడింది. మందు వేసినా ఆగని కబురు! అంటే మేము అణుస్తున్న దారి కాక, ఇంకో దారిలో ఆ కబురు నడుస్తోందన్నమాట. జగదీశ్వర్ సార్ కుర్చీలోంచి లేచి నా బల్ల దగ్గరికి వచ్చారు. ఐదేళ్లలో మొదటిసారి. జనవరిలో బెంగళూరు సదస్సులో నన్ను మాట్లాడమన్నారు.

ఆ నంబరు ఎవరిదో నాకు తెలుసు. నీకూ తెలుసు. రేపు చెబుతానన్న మాట సార్‌కు ఇంకా చెప్పలేదు. చెబితే ఆ సీసాలు నా చేతిలోంచి పోతాయి.

సార్ ఒక్కటే అడిగారు: “పేషెంటు మందు సరిగ్గా వేసుకుంటున్నాడా?” కార్డులో ప్రతిరోజూ టిక్కు ఉందన్నాను. అయినా నిన్ను అడుగుతున్నాను. రోజూ వేసుకుంటున్నావు కదా?

క్రిస్టినా


గోదావరిఖని
13 డిసెంబరు 2024

చెల్లెకు,

వేసుకుంటున్నాను. నీ పేరు బెంగళూరు దాకా వెళ్తుందంటే బాపు ఏడ్చాడు.

జాన్ ప్రసాద్


హైదరాబాద్
18 డిసెంబరు 2024

అన్నా,

నీ రెండు వాక్యాలూ అందాయి.

ఇక్కడ పని వేగం అందుకుంది. మాత్రలకు లొంగని వాపు కాబట్టి నీకు ఇంకో మందు, ఇంజెక్షన్ ఇవ్వాలని డాక్టర్లు ఆలోచిస్తున్నారు. అది ఒంటి రక్షణను బాగా కిందికి దించుతుంది. పాత టీబీ ఎక్కడైనా దాక్కుని ఉంటే లేస్తుంది. ఇన్నేళ్లు దుమ్ములో పనిచేసిన ఊపిరితిత్తులు నీవి, అందుకే ముందు ఛాతీ పరీక్షలు చేస్తారు. నీ ఫలితం చూశాక ఇంకో పేషెంటుకు కూడా అదే ఇద్దామంటున్నారు. పేరు చెప్పకూడదు. ఆరు నెలల పాప తల్లి. ఆమెకు మాత్రలతో తగ్గుతోంది గానీ మెల్లగా. మాత్రలు ఆపి నేరుగా ఇంజెక్షన్‌కు వెళ్దామా అని చర్చ. ఆ చర్చలో చూపిస్తున్న గ్రాఫులో గీత నీదే.

దీప నిన్న క్రిస్మస్ క్యారల్స్ ఫోటో పంపింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నక్షత్రం పట్టుకుని ముందు నిలబడ్డావు. చాలాసేపు చూశాను.

నాకు చెప్పాల్సింది ఏమైనా ఉందా అన్నా?

క్రిస్టినా


గోదావరిఖని
26 డిసెంబరు 2024

క్రిస్టినా,

ముందు ఒక్క మాట. ఆ ఇంజెక్షన్ ఎవరికీ వేయనీయకు. ఆ బిడ్డ తల్లికి అసలే వేయనీయకు. నేను గోలీలు మింగడం లేదు.

వంకర అక్షరాలను మన్నించు. ఈ ఉత్తరం దీపతో రాయించేది కాదు.

నాలుగు వారాలు మింగాను. ఐదో వారం ఒక పొద్దున పేపర్ తెరిస్తే కుడి కంట్లో అక్షరాల గుంత కొంచెం పూడింది. సంతోషం రావాలి కదా. భయం వేసింది. ఆ రోజే దీప ఫలితం వచ్చింది, రెండు మార్కులతో పోయింది. ఆమె ఏడవలేదు. పుస్తకాలు సంచిలో పెట్టి, మంచం కిందికి నెట్టి, నా గోలీలు, నీళ్లు తెచ్చింది. “తీస్కో బాపు” అంది. నోట్లో వేసుకున్నాను. నాలుక కింద పెట్టుకుని నల్లా దగ్గరికి వెళ్లి ఉమ్మేశాను. చేదు సాయంత్రం దాకా పోలేదు.

మర్నాడు కూడా అంతే. రోజూ అనుకున్నాను, బోర్డు అయ్యేదాకానే కదా అని. నువ్వు రెండుసార్లు చదవమన్న వాక్యాన్ని రెండుసార్లు చదివే ఈ పని చేశాను. ఒక కన్ను పోయినా ఒకటి ఉంటుంది అనుకున్నాను. నాకు నలభై ఎనిమిదేళ్లు, చూడాల్సింది చూశాను అనుకున్నాను.

మొగిలి తప్పు లేదు. అతను నవ్వులాటకు అన్నాడు. నేను మనసులో పెట్టుకున్నాను.

మీ వదినె చర్చిలో నిలబడి రెండు ప్రార్థనలు అడుగుతుంటే పక్కన తల వంచుకుని కూర్చుంటాను. ఆ రెండూ ఒకేసారి నెరవేరవని అక్కడున్న వాళ్లందరిలో నాకొక్కడికే తెలుసు. పాస్టర్ గారు నా తల మీద చెయ్యి పెట్టి, “ప్రభువా, ఈ కన్నులు తెరువుము” అంటారు. ఆమెన్ అంటాను. అది ఎంత పాపమో నీకు వేరే చెప్పాలా?

గనిలో ఇరవై ఆరేళ్లు చేశాను. కప్పు కూలితే ఎటు ఉరకాలో నా వెనకున్న పద్నాలుగు మందికి నేను చెప్పగలను. ఈ రెండు గదుల్లో ఎటు ఉరకాలో తెలియదు. బాగైతే బిడ్డకు అన్యాయం, బాగుకాకపోతే నీకు అబద్ధం. నీ గీత గురించి రాశావే, మందు వేసినా ఆగని కబురు అని, ఆ రోజు నిజం చెప్పాలని కూర్చున్నాను. బాపు నీ ఉత్తరం చదివించుకుని ఏడుస్తున్నాడు. రెండు వాక్యాలు రాసి మడిచేశాను.

ఆ పాప తల్లి గురించి చదివాక ఇక కుదరలేదు. నాకు తోచినంతలో నా కన్ను నేను పాడుచేసుకున్నాను. ఇంకొకరి కన్ను నా లెక్కలో లేదు.

ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు. తిట్టాలంటే తిట్టు.

జాన్ ప్రసాద్


హైదరాబాద్
2 జనవరి 2025

అన్నా,

నీ ఉత్తరం చేతికి రాగానే జగదీశ్వర్ సార్ గదికి వెళ్లాను. నంబరు ఎవరిదో, నాకు ఎప్పటి నుంచి తెలుసో, నువ్వు ఏం చేశావో అన్నీ చెప్పాను. ఆయన ఆ గీత ఉన్న కాగితం తీసి చూశారు. తర్వాత, “ఆ డేటా తీసెయ్. ఎందుకు తీశావో కూడా రాయి” అన్నారు. ఆ తల్లికి ఇంజెక్షన్ చర్చ ఆగిపోయింది, మాత్రలే కొనసాగుతున్నాయి. బెంగళూరు లేదు. ఫెలోషిప్ పొడిగించమని అడిగే ముఖం నాకిక లేదు, అడగలేదు.

నిన్ను తిడదామని రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఎందుకో చెబుతాను.

అంత మోతాదు స్టెరాయిడ్ రెండు నెలలు వేసుకున్న మనిషి ముఖం ఉబ్బుతుంది. చెంపలు గుండ్రంగా అవుతాయి. ఇక్కడికి వచ్చే పేషెంట్లలో రోజూ చూస్తున్నాను. దీప పంపిన ఫోటోలో నీ దవడ ఎముకలు కనిపిస్తున్నాయి. అంతకుముందే, నవంబరులో దీప నీ షుగరు, బీపీ చీటీలు పంపింది. అన్నీ మామూలుగా ఉన్నాయి. అప్పుడే ఒక అనుమానం తలెత్తింది. దాన్ని కూర్చోబెట్టాను. నల్లా దగ్గర చాలాసేపు ఉంటాడని దీప రాసిన వాక్యం మీద నా వేలు ఆగింది. తీసేశాను.

నాకు తెలుసన్నా. లేదా తెలుసుకోకూడదని అనుకున్నాను. రెండింటికీ తేడా ఉందని సార్ దగ్గర వాదించలేకపోయాను. ఐదేళ్లకు ఒక కొత్త మాట దొరికింది, అది నీ కంట్లో దొరికింది. ఆ కన్ను బాగైతే నా మాట పోతుంది. డిసెంబరులో నేను నిన్ను అడిగిన ప్రశ్న చూడు: “వేసుకుంటున్నావు కదా?” అవునని చెప్పించుకోవడానికి అడిగిన ప్రశ్న అది. ఇంటిని ఆదుకుంటుందని నువ్వు నీ కన్ను మీద ఆశ పెట్టుకున్నావు. నేనూ దాని మీదే ఆశ పెట్టుకున్నాను.

శనివారం కరీంనగర్ వెళ్లు. డాక్టర్‌కు అంతా చెప్పాను, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. కుడి కన్ను గురించి నేను మాట ఇవ్వలేను, మచ్చ మొదలైంది. ఎడమది దక్కవచ్చు. దీపకు నువ్వే చెప్పు. నేను చెప్పను. తన చేత్తో ఇచ్చిన గోలీలవి.

క్రిస్టినా


గోదావరిఖని
9 మార్చి 2025

చెల్లె క్రిస్టినాకు,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, ఎడమ కంటితో. గీతలు నిటారుగా ఉన్నాయి చూడు. కుడి కన్ను పోయినట్టే. మధ్యలో బూడిద రంగు మచ్చ, అంచులు మాత్రం కనిపిస్తాయి. నా ముఖం గుమ్మడికాయలాగా ఉబ్బింది. అద్దంలో చూసుకున్నప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చి నవ్వొస్తుంది, తర్వాత రాదు.

దీపకు జనవరిలోనే చెప్పాను. బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టి లేచి నిలబడింది. “నేనడిగిన్నా బాపు? నీ కన్ను తీసి నాకు నౌకరియ్యమని నేనెప్పుడన్న అడిగిన్నా? రోజు పొద్దుగాల నా చేతులతోనిచ్చిన. నన్నెందుకు కలిపినవ్ దీంట్ల?” అంది.  మీ వదినె ఏడుస్తూ మధ్యలోకి వస్తే, “నువ్వు చర్చిల నా పేరు తియ్యకు అమ్మా” అంది. ఆ తర్వాత నెలన్నర నాతో మాట్లాడలేదు. గోలీలు మాత్రం ఇచ్చేది. మింగాక నా గదుమ పట్టుకుని నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూసి వెళ్లేది. ఇరవై మూడేళ్ల బిడ్డ ముందు నోరు తెరిచి నిలబడటం ఎలా ఉంటుందో రాయలేను. చర్చిలో ఇప్పుడు మీ వదినె ఒక్క ప్రార్థనే అడుగుతుంది, అది కూడా కూర్చునే.

నిన్న బోర్డు. బయట బల్ల మీద మీ వదినె, దీప కూర్చున్నారు. లోపల నలుగురు డాక్టర్లు. కుడి కన్ను చూసి, భూగర్భం పనికి అన్‌ఫిట్ అని వెంటనే రాశారు. తర్వాత కుడి కన్ను మూయించి ఎడమ కంటికి అక్షరాల బోర్డు చూపించారు. స్కాన్ కాగితం వాళ్ల ముందు ఉంది, కానీ ఎంతవరకు కనిపిస్తుందో చెప్పాల్సింది నా నోరే. రెండో వరస దగ్గర ఆగి కనిపించడం లేదంటే చాలు. పూర్తిగా అన్‌ఫిట్. తలుపు అవతల బిడ్డ ఉంది. నిజం చెబుతున్నాను చెల్లె, ఆగాను. డాక్టర్, “కనవడ్తలేదా?” అని అడిగాడు.  ఆ గదిలోంచి ఎటు వెళ్లినా ఎవరో ఒకరిని తొక్కుకుంటూ వెళ్లాలి.

“కనవడ్తున్నది సార్” అన్నాను. మూడో వరస చదివాను. నాలుగోది చదివాను. చిట్టచివరి వరసలో ఐదు అక్షరాలుంటే ఐదూ చదివాను. ఆయనకు వినబడితే చాలు, అయినా నేను గట్టిగా చదివాను, తలుపు బయటికి వినబడేంత గట్టిగా.

ఉపరితలంలో పని ఇస్తారట. సర్దార్ పని పోయింది. దీపకు ఉద్యోగం లేదు.

బయటికి వచ్చేసరికి మీ వదినె ముఖం చూడలేకపోయాను. దీప లేచి, “నువ్వు సదివింది ఇన్నం, బాపు” అంది.  మంచిర్యాలలో ఒక బట్టల షాపులో లెక్కలు చూడటానికి మనిషి కావాలన్నారట, సోమవారం వెళ్లి మాట్లాడుతుందట. అది దారిలో ఆటోలో వాళ్లమ్మకు చెబుతుంటే విన్నాను.

ఫెలోషిప్ అయిపోయాక ఏప్రిల్‌లో ఇక్కడికే వచ్చి థీసిస్ రాసుకుంటానన్నావు. రా. రెండు గదులు, ఐదుగురం. కిటికీ దుప్పటి తీసేశాం. నీ పేరు రాసిన కోటు తెమ్మని బాపు అంటున్నాడు. అందులో కొత్త మాట లేదని నువ్వు అంటావు. ముప్పై ఐదు మందికి మాత్రలతో చూపు వచ్చిందన్న మాట పాతదైనా, నాలాంటి వాడికి కొత్తదే. అది రాయి.

ఒకటి చెప్పి ఆపుతాను. నిన్న బోర్డు జరిగిన దవాఖాన బయట ఎనిమిది మెట్లు ఉన్నాయి. ఒక కంటితో మెట్టు లోతు తెలియదు, అది నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పై మెట్టు మీద కాలు చాచి, ఆగిపోయి నిలబడ్డాను. దీప రెండు మెట్లు కిందికి దిగిపోయింది. వెనక్కి తిరిగి చూసింది.  పైకి వచ్చి నా కుడి పక్కన నిలబడి, మోచెయ్యి పట్టుకుని, “ఒకటి” అంది. కాలు పెట్టాను. “రెండు” అంది.

ఎనిమిది దాకా లెక్కపెట్టింది చెల్లె.

నీ అన్న
జాన్ ప్రసాద్